గోరు పట్టేంత సందు

మా నాన్నకి లోకంలో ఒకటే పరీక్ష. బల్ల మీద ఉక్కు పట్టీని అంచున నిలబెట్టి, తల వంచి, ఒక కన్ను మూసి కిటికీ వైపు చూసేవాడు. పట్టీ కింద నుంచి వెలుతురు గీత కనబడకపోతే బల్ల మంచిది. కనబడితే బల్లా పనికిరాదు, చేసినవాడూ పనికిరాడు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైలుపెట్టెల సెక్షన్‌లో తలుపులూ, బెర్తులూ, నేలబల్లలూ చేస్తూ ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి. “ఎలుతురు దూరిందంటే నీల్లు దూరతాయి. నీల్లు దూరితే డబ్బా కుల్లిపోద్ది” అనేవాడు. రైలుపెట్టె విషయంలో అది అక్షరాలా నిజం. ఆ నిజమే నా కొంప ముంచింది.

నాన్న పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళని ఒక మాట అనకూడదంటారు. ఎందుకనకూడదో నాకెవరూ చెప్పలేదు. అందుకని అంటాను.

మేముండేది ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, రెండు గదుల క్వార్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఆయన ఉలి, ఆయన చిత్రిక, ఆ ఉక్కు పట్టీ నాన్నకి వచ్చాయి. కోపం కూడా ఆయనదే వచ్చిందని అమ్మ అనేది. నేను చదివింది రైల్వేవాళ్ళ పిల్లలు చదివే ఒక ఆడపిల్లల స్కూల్లో. దాని పేరు ఇక్కడ అనవసరం. ప్రార్థన హాల్లో గోడకి ఆనించి ఒక పాత పియానో ఉండేది, నిలువు బీరువాలాంటిది. దొరల కాలంలో సీమ నుంచి ఓడలో వచ్చిందట. దాన్ని వాయించే టీచరమ్మ ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ. మొగుడు ఇంజను డ్రైవరుగా చేసి పోయాడు.

ఆరో తరగతిలో ఆవిడ నన్ను పేజీలు తిప్పడానికి పెట్టుకుంది. ఎడమ పక్కన నిలబడి, ఆవిడ తల ఊపగానే పేజీ తిప్పాలి. అంతే పని. ఏడాది తిరిగేసరికి ఆవిడ తల ఊపకముందే తిప్పడం మొదలుపెట్టాను. ఒకరోజు వాయించడం ఆపేసి నా చెవి పట్టుకుని, “దొంగా, నీకు స్వరాలు చదవడం వచ్చేసింది కదూ!” అంది. ఆ రోజు నుంచి బడి వదిలాక నాకు నేర్పింది.

ఇంట్లో అమ్మ గొణిగింది. “దొరసాని ఆటలు మనకేటమ్మా? రేపు పొయ్యి కాడ వాయిస్తావేటి?” అంది. నాన్నే అడ్డం పడ్డాడు. “నేర్సుకోనీవే. అదీ సేతి పనే కదా” అన్నాడు. ఆ మాటకి నేను ఎన్నేళ్ళు మురిసిపోయానో! చేతి పని అన్నాడంటే నన్ను తన సాటి మనిషిని చేసుకున్నట్టే అనుకున్నాను. పిచ్చి మొహాన్ని.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, అరవైల మధ్యలో, టీచరమ్మ ఉద్యోగం మానేసి చెల్లెలి దగ్గరకి బెంగుళూరు వెళ్ళిపోవడానికి సిద్ధపడింది. వెళ్ళేముందు హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడి, తన చోటు నాకిమ్మంది. హెడ్మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ, నవ్వితే నష్టమనుకునే రకం. కానీ కాదనలేదు. డిసెంబరులో బహుమతుల పండగ. ఆఫీసర్లూ వాళ్ళ ఆడవాళ్ళూ వస్తారు. ఆ రోజు నేను వాయించాలి. నలుగురికీ నచ్చితే జనవరి నుంచి మ్యూజిక్ టీచరుని. లేకపోతే లేదు. అంత సూటిగా చెప్పింది.

నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలో ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. జీతం కోసం ఒక్కటే కాదు. పొద్దున్న ప్రార్థనకి ముందు ఖాళీ హాల్లో పావుగంట ఆ పియానో, నేనూ. ఆ పావుగంట నా బతుకంతా నాకు ఉండాలి. అంతకు మించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

కానీ పియానో జబ్బున పడి ఉంది. తీగల వెనక పెద్ద పలక ఒకటుంటుంది, సౌండుబోర్డు. తీగలు ఎంత బలంగా మోగినా వాటి గొంతు చిన్నదే. దాన్ని పెంచి హాలంతా వినిపించేది ఆ పలకే. ఆ పలక మీద వంకరగా పాకిన చెక్క దిమ్మని బ్రిడ్జి అంటారు. తీగలు దాని మీదుగా వెళతాయి, వాటి అదురు దాని గుండానే పలకలోకి దిగుతుంది. మా పియానోకి పలక మూడు చోట్ల బీటలు వారింది. బ్రిడ్జి పైకొసన చీలి, తీగల్ని పట్టే మేకులు కదిలిపోతున్నాయి. వాయిస్తే జుయ్యిమని ఒకటే రొద. ఏటా కలకత్తా నుంచి వచ్చి తీగలు సవరించే ట్యూనర్ బాబు దీన్ని కలకత్తా పంపాల్సిందే అన్నాడు. స్కూలుకి అంత స్తోమత లేదు. నాన్న ఆ సంగతి విని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తనంతట తనే హెడ్మిస్ట్రెస్ దగ్గరకి వెళ్ళాడు. చెక్క పనే కదా, నేను చేస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు అన్నాడు. నా కోసమే అన్నాడు. అది నిజం. నా కోసమే మొదలుపెట్టాడు.

బెంగుళూరు రైలెక్కే ముందురోజు టీచరమ్మ నన్ను పియానో వెనక్కి తీసుకెళ్ళింది. వెనక నుంచి చూస్తే పలకకి అడ్డంగా అంటించిన బద్దలు కనిపిస్తాయి. ఒక బద్ద ఈ కొస నుంచి ఆ కొసకి కుట్టుదారం బిగించి పట్టుకోమంది. పట్టుకున్నాను. మధ్యలో దారానికీ బద్దకీ నడుమ తన వేలి గోరు దూర్చి చూపించింది. “ఈ సందు చూశావా? పలక తీగల వైపు కాస్త పొట్టలా పొంగి ఉంటుంది. చేసినవాడు కావాలని చేసిన పొట్ట ఇది. ఇది ఉన్నంత కాలమే దీని గొంతు. మీ నాన్నతో చెప్పు, బీటలు పూడ్చమను, పొట్ట జోలికి పోవద్దను” అంది. రెండుసార్లు చెప్పింది. నాకు అర్థమైందో లేదోనని నా గోరు కూడా దూర్పించింది.

వానలు పడ్డాక పని మొదలైంది. నాన్న డ్యూటీ దిగి సైకిల్ మీద నేరుగా స్కూలుకి వచ్చేవాడు. ఒక ఆదివారం వర్క్‌షాపు స్నేహితులు ఆరుగురు వచ్చి, తీగలు విప్పేశాక లోపలి ఇనుప చట్రాన్ని ఎత్తి బయట పెట్టారు. తర్వాత బ్రిడ్జి పని. ఆ పని గురించి నిజం చెప్పాలి. నాన్న చేసిన పనుల్లో దాన్ని మించింది నేను చూడలేదు. చీలిన ముక్క కోసి పారేసి, కొత్త ముక్క తొడిగి, ఒక్కో మేకుకీ పాత కన్నం ఏ వాలులో ఉందో అదే వాలులో కన్నం తొలిచాడు. అతుకు ఎక్కడుందో వేలికి తగిలేది కాదు. పనిమంతుడే. దాన్ని ఎవడూ కాదనలేడు.

ఆ తర్వాత పలక మీద పట్టీ నిలబెట్టాడు.

పట్టీ మధ్యలో ఆనింది. రెండు కొసల దగ్గరా కింద నుంచి వెలుతురు. నాన్న మొహం చూడాలి అప్పుడు! ఇంట్లో దొంగ దూరినట్టు అయిపోయాడు. “ఓలమ్మ, పొంగిపోనాదిరా! ఈ వానలకి సీమ సెక్కయినా పొంగకేటి సేస్తాది?” అన్నాడు, పని చూడ్డానికి వచ్చిన స్నేహితులతో.

“నాన్నా, అది పొంగడం కాదు. అలాగే ఉండాలట. టీచరమ్మ సెప్పినాది. దారం కట్టి సూపించినాది కూడా. పొట్ట ఉండాలట” అన్నాను.

“పొట్టేటే? బల్లకి కడుపొచ్చిందేటి? ఎన్నో నెలట?”

అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళలో ఒకడు, “పురుడు పుట్టింట్లోనేనా, అత్తింట్లోనా?” అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాన్న వేడినీళ్ళ గుడ్డలు పెట్టి పలకని చుట్టూ ఊడదీసి బయటికి తీశాడు. వెనక బద్దలు విప్పాడు. వాటి పలక వైపు అంచు కూడా సన్నగా విల్లులా వంగి ఉంది. ఆ వంపు మీద చిత్రిక గీతలు, ఈ కొస నుంచి ఆ కొసకి. వాన వంచిన చెక్క మీద చిత్రిక గీతలుంటాయా? ఎవడో కూర్చుని ఆ వంపు తీశాడని పసిపిల్లకి కూడా తెలుస్తుంది. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన చూశాడు. చూడలేదని నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఒక క్షణం బొటనవేలితో ఆ గీతలు తడిమాడు కూడా. తర్వాత, “ముప్పయ్యేల్లు సెక్కతో బతికినోణ్ణి. ఆ ముసలామి వాయించినాది గానీ ఎప్పుడైనా ఒక్క మేకు కొట్టినాదేటి? నువ్వు నీ పని సూసుకో, నా పని నన్ను సూసుకోనీ” అన్నాడు.

అది విశ్వకర్మ పూజ ముందురోజు. మర్నాడు వర్క్‌షాపంతా పండగ. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దేవుడి ముందు పెట్టేస్తారు. ఆ రోజు ఉలి ముట్టకూడదు, చిత్రిక ముట్టకూడదు. నాన్న పట్టీకి కూడా బొట్టు పెట్టి దండ వేశారు. బద్దలు ఇంకా వంపుతోనే స్కూలు వరండాలో ఉన్నాయి. ఆ ఒక్క రోజు నాకు దొరికింది. ప్రసాదం పొట్లం నెపంగా పట్టుకుని హెడ్మిస్ట్రెస్ ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ ఒక్క మాటంటే పని ఆగిపోతుంది.

ఆవిడ నన్ను కూర్చోబెట్టింది. అది కూడా మొదటిసారే. “మీ నాన్న పని చూశాను. బ్రిడ్జి చూసి నాకు నోట మాట రాలేదు. కలకత్తావాళ్ళు చేయలేనిది మా మిస్త్రీ చేస్తున్నాడని అందరికీ చెబుతున్నాను” అంది. మా నాన్నని అంత పెద్దావిడ అలా మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు నోరు తెరిచి మా నాన్నకి ఈ పని తెలీదు అనాలా? అనలేకపోయాను. ప్రసాదం ఇచ్చి, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆయన పరువు కోసం నోరు మూసుకున్నాను. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

పండగ మర్నాడు నాన్న బద్దల వంపు చిత్రికతో తీసేశాడు. పలక బీటలు పూడ్చి, మీద బరువులు పెట్టి సాపు చేసి, సరేసు జిగురు కాచి, సాపు బద్దల్ని సాపు పలకకి అతికించి క్లాంపులు బిగించాడు. బయట వాన కురుస్తూనే ఉంది. క్లాంపులు విప్పిన రోజు నన్ను పిలిచి పట్టీ నిలబెట్టాడు.

“ఒంగి సూడు గుంటా. ఎక్కడైనా ఎలుతురుందేటి?”

లేదు. ఎక్కడా లేదు.

నవంబరులో ట్యూనర్ బాబు వచ్చి తీగలు ఎక్కించాడు. రెండు రోజులు పని చేసి, మొదటి స్వరం నొక్కి ఆగిపోయాడు. మూతపెట్టిన గిన్నె మీద కొట్టినట్టుంది. వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. వేలి కణుపుతో పలకని తట్టాడు. నన్ను చూసి బెంగాలీలో, చేతి పని చాలా బాగుంది గానీ బోర్డు చచ్చిపోయింది, ఎవరు చేశారిది అని అడిగాడు. “ఒక మిస్త్రీ” అన్నాను. మా నాన్న అనలేదు. హెడ్మిస్ట్రెస్‌కి చెప్పొద్దని బతిమాలాను. పాపం మంచివాడు, తల ఊపి, చేతనైనంత సవరించి రైలెక్కాడు.

డిసెంబరుకి గాలి పొడిబారింది. వానల్లో నీరు తాగి ఉబ్బినప్పుడు అతికించిన పలక చలికాలం వచ్చేసరికి కుంచించుకుపోయి లోపలికి దిగింది. పాత బీట ఒకటి మళ్ళీ విచ్చుకుంది. నేను రోజూ తెల్లారగానే వెళ్ళి వాయించేదాన్ని. రోజుకో స్వరం నీరసించిపోతుంటే మంచాన పడ్డ మనిషి పక్కన కూర్చున్నట్టు ఉండేది.

బహుమతుల పండగ రోజు హాలు నిండింది. నాన్న చివరి వరసలో నిలబడ్డాడు, అదే ఇస్త్రీ చొక్కాలో. నేను మొదలుపెట్టాను. మెత్తగా వాయిస్తే మూడో వరసకి కూడా వినబడదు. అందుకని గట్టిగా కొట్టాను. గట్టిగా కొడితే బీట జుయ్యిమంది. నాకు వచ్చిందంతా ఆ రెండింటి మధ్య నలిగిపోయింది. ముందు వరసలో చిన్నపిల్లలు కిసుక్కున నవ్వారు. ఒక ఆఫీసరు భార్య పక్కావిడ చెవిలో ఏదో అంది. చివరిదాకా వాయించాను. మధ్యలో లేవకూడదని టీచరమ్మ నేర్పింది.

తర్వాత హెడ్మిస్ట్రెస్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. కోపంగా లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. నాన్నని అడిగింది, పనిలో ఏమైనా లోపం మిగిలిందా, చెప్పు, ఇంకోసారి చేద్దాం, ఈ పిల్లకి ఇంకో అవకాశం ఇద్దాం అని. ఒక్క మాట. ‘ఉంది మేంసాబ్’ అంటే చాలు. ఆయన ఉద్యోగం ఎక్కడికీ పోదు, ఎవరూ తిట్టరు, నా బతుకు నాకు మిగులుతుంది.

నాన్న నిటారుగా నిలబడి, “మేంసాబ్, బోర్డ్ ఏక్‌దమ్ ఠీక్ హై. లడ్కీ కా హాథ్ కచ్చా హై” అన్నాడు.

పలక బాగానే ఉందట. పిల్ల చెయ్యే పచ్చిదట.

ఆవిడ నా వైపు తిరిగింది. “నిజమేనా?” అంది. నాన్న నన్ను చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన మెడ మీద చొక్కా కాలరు చిరిగిన చోట అమ్మ వేసిన కుట్టు కనిపిస్తోంది. “అవునండీ” అన్నాను. ఎందుకన్నానో అడక్కండి. అరవై ఏళ్ళుగా నన్ను నేనే అడుక్కుంటున్నాను.

ఇంటికొచ్చాక ఒక్క మాటైనా అంటాడనుకున్నాను. తలుపు మూశాక, అమ్మ చాటున, ఏదో ఒకటి. అనలేదు. సాయంత్రం వీధరుగు మీద చుట్టుపక్కలవాళ్ళు ఏమైందని అడిగితే, “ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగండి!” అని నవ్వాడు. లోపల పప్పు కడుగుతూ విన్నాను. ఆ సామెత కట్టినవాడికి ఆడేదాని వంకలే తెలుసు. మద్దెల నిజంగానే ఓడైతే, ఓడు చేసినవాడే ఎదురు నిలబడి ఆ సామెత చెబితే, ఆ ఆడేదాని గతేమిటో వాడికి తెలీదు.

స్కూలువాళ్ళు హార్మోనియం కొనుక్కున్నారు. పియానోని సామాన్ల గదిలోకి తోసేశారు. నేను టైపు నేర్చుకుని స్టోర్స్ ఆఫీసులో చేరాను. చేతులు చురుకు అని అక్కడ అందరూ మెచ్చుకున్నారు. పచ్చి చేతులు మరి! టీచరమ్మ బెంగుళూరు నుంచి రెండు ఉత్తరాలు రాసింది, పొద్దుటి ప్రార్థనకి ఏం వాయిస్తున్నావని. జవాబు రాయలేదు. మూడోది రాలేదు.

నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఊళ్ళోనే ఇందా అనే పేటలో అద్దెకి దిగాం. డెబ్బైలు వచ్చేశాయి. చుట్టూ బెంగాలీవాళ్ళు. నాన్న వరండాలో కూర్చుని కుర్చీలూ మంచాలూ బాగుచేసేవాడు. ఒక ఆదివారం పొద్దున్న పక్కింటి బెంగాలీ పెద్దాయన తన తంబురా పట్టుకొచ్చాడు. ముందు పలక బీట ఇచ్చింది. నేను లోపల కిటికీ పక్కన బట్టలు మడత పెడుతున్నాను. నాన్న తంబురాని ఒళ్ళో పెట్టుకుని, నూనెగుడ్డలోంచి ఉక్కు పట్టీ తీసి, పలక మీద నిలబెట్టి, తల వంచి, ఒక కన్ను మూశాడు. పట్టీ మధ్యలో ఆనింది. రెండు కొసలా వెలుతురు.

“ఇది పైకి లేచిపోయినట్టుంది కదా దాదా, కాస్త సాపు చేసేయండి” అన్నాడు పెద్దాయన హిందీలో.

నాన్న పట్టీ కొస కింద తన బొటనవేలి గోరు దూర్చాడు. దూర్చి, ఆ సందుని చూపించాడు. “నహీ దాదా. పేట్ రహ్‌నా చాహియే. పేట్ గయా తో ఆవాజ్ గయా” అన్నాడు.

పొట్ట ఉండాలట. పొట్ట పోతే గొంతు పోయినట్టేనట.

మడుస్తున్న చీర పక్కన పెట్టి లేచాను. పెద్దాయన ఆశ్చర్యపోయాడు. “ఇది మీకెలా తెలుసు దాదా? ఎక్కడ నేర్చుకున్నారు?” అన్నాడు.

“హమారా వర్క్‌షాప్ మే” అన్నాడు నాన్న. గర్వంగానే అన్నాడు.

నేను గడపలోకి వచ్చి నిలబడ్డాను. “వర్క్‌షాపులోనా నాన్నా? ఎవలు నేర్పినారు?” అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ కళ్ళలో నాకు అంతా కనిపించింది. దారం, గోరు, చిత్రిక గీతలు, హెడ్మిస్ట్రెస్ గది. ఏదీ మరిచిపోలేదు. ఎన్నేళ్ళ నుంచి తెలుసో, ఆ గదిలో నిలబడినప్పుడే తెలుసో, అది మాత్రం ఈనాటికీ నాకు తెలీదు.

“ఎవలు నేర్పుతారే? సెయ్యే నేర్పుద్ది” అన్నాడు. మళ్ళీ తల వంచి, కన్ను మూసి, వెలుతురు వైపు చూశాడు.

ఆ పూట ఆయనకి అన్నం నేను వడ్డించలేదు. అమ్మ వడ్డించింది.